యువజన సభల నుంచి తిరిగి వచ్చాక
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సవర యువత తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేసవి సెలవుల్లో మన గూడేల నుంచి పన్నెండు మందిమి ఒక క్రైస్తవ యువజన సభలకు వెళ్ళొచ్చాం. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. కొందరు సంతోషించారు. కొందరు, "ఇంక వీళ్ళు మన పండగలకు రారు" అన్నారు. ఆ మాట మా చెవిన కూడా పడింది. అందుకే సంఘం పెద్దలు "ఏం జరిగిందో మీరే వచ్చి చెప్పండర్రా" అంటే ఒప్పుకున్నాం. ఇక్కడ చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వెళ్ళని వాళ్ళు ఉన్నారు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాలని వచ్చాం. పన్నెండు మందిమి కూర్చుని రాసుకున్న మాటలు ఇవి.

జీడిపిక్కలు అమ్మిన డబ్బుల్లోంచే రిజిస్ట్రేషన్‌కి కట్టాం. తెల్లవారుజామున జీపులో సీతంపేట దిగి, అక్కడి నుంచి పాలకొండ, పాలకొండ నుంచి ఇంకో బస్సు. మాలో సగం మంది అంత దూరం అమ్మానాన్నలు లేకుండా వెళ్ళడం అదే మొదలు. బయలుదేరేటప్పుడు మా ఊరి ముసలమ్మ ఒకావిడ వేయించిన జీడిపప్పు మూట కట్టి ఇచ్చింది. మేమందరం ఆవిణ్ణి మామ్మ అనే పిలుస్తాం. ఆవిడ చర్చికి రాదు. పాత పద్ధతి మనిషి. "అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉంటారా?" అని మాత్రం అడిగింది. "అందరూ మనవాళ్ళే మామ్మా" అన్నాం. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆవిడ అడిగింది వేరు, మేము చెప్పింది వేరు. అది తర్వాత అర్థమయింది.

మూడు రోజుల సభలు. పెద్ద షామియానా, తెర మీద పాటల సాహిత్యం, కీబోర్డు, డ్రమ్స్. పొద్దున ప్రార్థన, తర్వాత వర్తమానం, మధ్యాహ్నం గుంపులుగా కూర్చుని చర్చ, రాత్రి సాక్ష్యాలు. మంచి జరిగింది, దాచిపెట్టం. తాగుడు గురించి, అప్పుల గురించి, పదో తరగతితో చదువు ఆపేయడం గురించి, చిన్న వయసులో పెళ్ళిళ్ళ గురించి మాతో ఎవరూ అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మన ఆడపిల్లలు మైకు పట్టుకుని ప్రశ్నలు అడిగారు. మాలో ఇద్దరు ఆ రోజు నుంచి గుట్కా మానేశారు, ఇప్పటికీ మానేసే ఉన్నారు. సభలకు వెళ్ళి చెడిపోయామని ఎవరైనా అంటే, ఈ ఇద్దరినీ చూడమంటాం.

మమ్మల్ని గుచ్చిన మాట కూడా ఒకటి ఉంది. రెండో రోజు సాయంత్రం ఏ ప్రాంతం నుంచి ఎవరు వచ్చారో వేదిక మీద నుంచి చెప్తున్నారు. మా వంతు వచ్చింది. మైకులో ఉన్నాయన "అంధకారంలో ఉన్న కొండ ప్రాంతం నుంచి వచ్చిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఈ సభలో మీ ముందు ఒప్పుకోవలసింది అదే. జీడిపప్పు మూట ఇంకా మా సంచిలోనే ఉంది. అది కట్టిచ్చిన మనిషిని చీకటి అంటే మేము చప్పట్లు కొట్టాం.

తర్వాత "మీ భాషలో ఒక పాట పాడండి" అన్నారు. పన్నెండు మందిమి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాకు వచ్చిన పాటలన్నీ తెలుగువే. ఆదివారం పాడేవీ తెలుగువే, ఫోనులో వినేవీ తెలుగువే. చివరికి ఒక తెలుగు పాటే పాడి దిగిపోయాం. పాట బాగానే పాడాం, కానీ దిగాక ఎవరమూ మాట్లాడుకోలేదు.

మా తర్వాత ఇంకో గుంపు లేచింది. ఒడిశా వైపు నుంచి, గుణుపురం కొండల నుంచి వచ్చిన మన సవర పిల్లలు వాళ్ళు. వాళ్ళు చిన్న పుస్తకం తెరిచి సవరలోనే పాడారు. దేవుణ్ణి కిట్టుంగ్ అని పిలుస్తూ పాడారు. మామ్మ నోట వినే పేరు, చర్చి పాటలో! మాకు ఒళ్ళు జలదరించింది.

రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ పక్కన కూర్చున్నాం. వాళ్ళకు తెలుగు అంతంత మాత్రం, మాకు సవర అంతంత మాత్రం. వాళ్ళు పుస్తకం మా చేతికిచ్చారు. అందులో అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు సవరవి. ఆ కొండల్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు సవరను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి తెచ్చారు. అది అక్కడి చర్చిల్లో నిలిచిపోయింది. మేము బడిలో నేర్చుకున్న ఏబీసీడీలతో ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివాం. కంటికి ఏమీ అర్థం కాలేదు. పైకి చదివితే చెవికి అర్థమయింది. "ఇది మా అమ్మ అంటుంది", "ఇది మామ్మ తిట్టేటప్పుడు అంటుంది" అనుకుంటూ అర్ధరాత్రి దాకా చదివాం.

ఆ రాత్రి మా మనసులో ఒక లెక్క తప్పయింది. చర్చికి వెళ్తే భాష పోతుందని ఊళ్ళో అంటారు. చర్చికి వెళ్ళే ఆ పిల్లల దగ్గర భాష ఉంది. మరి మా దగ్గర ఎలా పోయింది? సంతలో పోయింది, బస్సులో పోయింది, హాస్టల్లో పోయింది. సవరలో మాట్లాడితే నవ్వుతారని మనమే నోరు మూసుకున్నప్పుడు పోయింది. ప్రార్థన కూడా తెలుగులో చేస్తేనే దేవుడికి వినబడుతుందని అనుకున్నాం. చర్చికి పోని మన స్నేహితుల ఇళ్ళల్లో కూడా ఇదే పరిస్థితి కదా? ఒకసారి మీరే చెప్పండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తిరిగి వచ్చాక మేము తెలుసుకున్న కొన్ని సంగతులు చెప్తాం. మన భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. 2011 జనాభా లెక్కల్లో సవర మా మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 4 లక్షల మంది. మన లెక్క చూడండి. పన్నెండు వరకూ ఒక్కొక్క పేరు ఉంటుంది, పన్నెండును మిగ్గెల్ అంటాం. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఆ తర్వాత ఇరవైల లెక్క. ముప్ఫై రెండు కావాలంటే ఇరవై, పన్నెండు కలపాలి. ఇలా లెక్కపెట్టే భాష లోకంలో చాలా అరుదు. సభలకు వెళ్ళిన మేము సరిగ్గా మిగ్గెల్ మందిమి. ఆ మాట మాలో నలుగురికే తెలుసు.

పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చుని మన భాష నేర్చుకున్నారు. మన పిల్లల కోసం బడులు పెట్టించారు. 1931లో మన భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆయన పేరున వచ్చాయి. ఆగస్టు 29న ఆయన పుట్టిన రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. మన సంఘంలో ఆ రోజున సవర మాట వినిపించాలి కదా. 1936లో మంగెయి గొమాంగో గారు మన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశారు. మన వైపు బడుల కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి. రాయడానికి ఇన్ని దారులు ఉన్నాయి. రాసే చేతులే తక్కువ.

మళ్ళీ సభల దగ్గరికి వస్తాం. చివరి రోజు సాక్ష్యాల సమయంలో మా చెల్లెలొకతె లేచింది. వణుకుతూనే మైకు పట్టుకుంది. "మా మామ్మ చీకట్లో లేదండి. ఆకలిగా ఉన్నవాడికి పెట్టకుండా ఆవిడ తినదు. అది నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇక్కడ మీరు చెప్పింది వింటుంటే ఆవిడే గుర్తొచ్చింది" అంది. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వేదిక మీద పెద్దాయన ఒకరు దిగి వచ్చి "మామ్మకు మా నమస్కారం చెప్పమ్మా" అన్నారు. కోపం లేకుండా చెప్తే వినేవాళ్ళు అక్కడా ఉన్నారు.

ఇంటికొచ్చి మామ్మకు అంతా చెప్పాం. గుణుపురం వైపు మనవాళ్ళు కలిశారు అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఏ ఊరోళ్ళు? ఎవరి పిల్లలు?" అని ఒకటే అడగడం. ఆవిడ పుట్టిల్లు అటువైపే. ఆ సాయంత్రం పాట పాడింది. ఫోనులో 4 నిమిషాలు రికార్డు చేశాం. అందులో మూడు మాటలు మాకు తెలియవు. రేపు అడుగుదాం అనుకున్నాం. అంతలో నాట్లు, కాలేజీ అడ్మిషన్లు వచ్చాయి. జూలై మొదట్లో మామ్మ జ్వరంతో పోయింది.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. మన పాత పద్ధతిలో పోయినవాళ్ళకు రాయి నిలుపుతాం, దాన్ని గుఅర్ అంటాం. పూనకంలో ఉన్న మనిషి నోట పోయినవాళ్ళు మాట్లాడతారు, ఇంటివాళ్ళు జవాబు చెప్తారు. ఇంగ్లండు నుంచి వచ్చిన పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి దీని మీదే పుస్తకాలు రాశారు. కొత్త తరం బాప్టిస్టులయ్యాక ఆ మాటలు ఆగిపోవడం గురించి 2017లో వచ్చిన ఆయన పుస్తకం చెప్తుంది. అది దూరపు సంగతి కాదు, మా ఇంటి సంగతి.

మామ్మ గుఅర్‌కి వెళ్ళాలా వద్దా అని పన్నెండు మందిమి రెండు రాత్రులు వాదించుకున్నాం. ఐదుగురు వెళ్ళలేమన్నారు. అది వాళ్ళ మనస్సాక్షి, మేము తప్పు పట్టలేదు. ఏడుగురు వెళ్ళారు. నీళ్ళు మోశారు, రాయి ఎత్తడానికి చెయ్యి వేశారు. బలి దగ్గర పక్కకు జరిగి నిలబడ్డారు, సారా ఇస్తే వద్దన్నారు. ఊరి పెద్దలు కూడా బలవంతం చేయలేదు.

పూనకంలో మామ్మ మాట వచ్చింది. మా వైపు తిరిగి సవరలో ఏదో అడిగింది. మేము బిగుసుకుపోయాం. భయంతో కాదు, ఆ మాట మాకు అర్థం కాలేదు. పక్కనున్న అత్త తెలుగులో చెప్పింది: "మీ పాట పూర్తిగా నేర్చుకున్నారా అని అడుగుతోంది." ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ మీ నమ్మకానికి వదిలేస్తున్నాం. మాలో కూడా దాని మీద ఏకాభిప్రాయం లేదు. కానీ ప్రశ్న నిజం. ఏడుగురిలో ఒక్కరికి కూడా మన భాషలో జవాబు చెప్పడం రాలేదు. అదీ నిజమే.

వెళ్ళని ఐదుగురు మర్నాడు వచ్చి మామ్మ ఇంటి కప్పు బాగు చేశారు, వానకి కారుతోందని. ఎవరి దారిలో వాళ్ళు దుఃఖం తీర్చుకున్నారు.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. చర్చికి పోయినవాడి ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని పిల్లలను భయపెట్టకండి. షెడ్యూల్డు తెగల జాబితాకు 1950 ఉత్తర్వులో మతం షరతు లేదు. అలాగే చర్చికి వెళ్ళే మేము కందికొత్తల పండగనాడు ఇంటికి పిలిస్తే తలుపు వేసుకోకూడదు. బలి దగ్గర కూర్చోలేకపోతే కూర్చోం, కానీ ఉడికించిన కందులు పక్కింటివాళ్ళతో కలిసి తినడానికి ఏ అడ్డూ లేదు. వచ్చే ఏడాది సభలకు మళ్ళీ వెళ్తాం. ఈసారి సవర పాటతో వెళ్తాం. ఆగస్టు 29న ఇదే చోట, ఏ నమ్మకం వాళ్ళైనా సరే, ఒక్కొక్కరు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర రికార్డు చేసిన పది మాటలు తీసుకుని రండి. తెలుగు అక్షరాల్లో రాసుకు రండి, చాలు.

మామ్మ పాటలో తెలియని మూడు మాటల్లో రెండిటికి అర్థం దొరికింది. ఒకటి కొండ వాలులో పోడు చేసే ఒక రకం నేల పేరు. ఇంకొకటి ఒక పిట్ట పేరు. మూడోది ఇంకా దొరకలేదు. ఈ సభ అయ్యాక ఫోను తెచ్చి వినిపిస్తాం. తెలిసిన పెద్దలు ఉంటే దయచేసి వెళ్ళిపోకండి.