కదలిక వెనుక మెదడు



పలకమీద ‘అ’ దిద్దే బాలుని చేతిని పరిశీలించండి. బలపం విరగకుండా పట్టు నిలవాలి. వేళ్లు, మణికట్టు, మోచేయి పొందికగా కదలాలి. ఒక కండరం బిగిసినప్పుడు దాని ఎదుటి కండరం సడలాలి. మొదట ప్రాణమంతా పెట్టి దిద్దిన అక్షరమే కొన్ని నెలలకు అలవోకగా వస్తుంది. ఈ అభ్యాసం నిలిచేది చేతిలో కాదు, మెదడులో.

మెదడు పైపొరలో కదలికలకు ప్రత్యేకమైన పట్టీ ఒకటి ఉన్నది. 1870లో జర్మన్ వైద్యులు ఫ్రిచ్, హిట్జిగ్ కుక్క మెదడుపై స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసి, శరీరపు రెండవ పక్క అవయవాలు కదలడం గమనించారు. ఆజ్ఞలు మోసే తంతువులలో అధికభాగం వెన్నుపాము మొదలయ్యే చోట ఒక పక్కనుండి మరొక పక్కకు దాటుతాయి. ఎడమ మెదడులో రక్తనాళం పూడితే కుడి అంగాలు చచ్చుబడడానికి కారణమిదే. ఆ పట్టీలో వీపుకు దక్కిన చోటు కొద్ది. వేళ్లకు, పెదవులకు, నాలుకకు దక్కినది విశాలం. వ్రాతకూ మాటకూ ప్రకృతి వేసిన పెద్దపీట అది!

తల వెనుక నున్న చిన్నమెదడు కదలికను గురి తప్పకుండా సవరిస్తుంది. పేరుకు చిన్నదే గాని, మెదడు నాడీకణాలలో సగానికి పైగా దానిలోనే ఉన్నాయి. అది చెడితే మంచినీళ్ల గ్లాసు అందుకోబోయే చేయి, గ్లాసు దగ్గరపడేకొద్దీ వణుకుతుంది. కంపవాతంలో ఇందుకు భిన్నంగా, ఒడిలో ఊరికే ఉన్న చేయి వణుకుతుంది. వణుకులన్నీ ఒకటి కావు. వైద్యుడు మొదట చూసేది ఈ భేదాన్నే.

కంపవాతాన్ని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ ఆరుగురు రోగుల ఆధారంగా వర్ణించాడు. వారిలో కొందరిని ఆయన వీధిలో చూసినవారే. వైద్యానికి పరికరాలకన్న ముందు కన్ను కావాలి గదా! నడుమెదడులో నల్లని పదార్థమనే చిన్న భాగం ఉన్నది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను ఆరంభించే లోతైన కేంద్రాలకు అందిస్తాయి. ఆ కణాలు సగం మేరకు నశించిన తర్వాతనే జబ్బు బయటపడుతుంది. వ్రాత చిన్నదై పంక్తి చివరకు మరీ కుంచించుకుపోవడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, ముఖంలో భావం తగ్గడం తొలి గుర్తులు. ఇంటివారు వీటిని ముసలితనమనో, మొండితనమనో తీసిపారేస్తారు. చికిత్స ఆలస్యమయ్యేది ఇక్కడే.

ఈ కథలో మన మొక్కలు రెండు ఉన్నాయి. సర్పగంధి నుండి తీసిన రిసర్పిన్ అనే మందు ఇచ్చిన జంతువులు కదలక పడి ఉండగా, 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ వాటికి డోపా ఇచ్చి తిరిగి కదిలించాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది. ఆ డోపానే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజలనుండి వేరుచేశారు. 1960లో వియన్నాలో హార్నికీవిచ్ రోగుల మెదళ్లలో డోపమిన్ లోపాన్ని నిరూపించగా, 1967లో అమెరికాలో కోట్జియాస్ పెద్ద మోతాదులలో డోపాను నోటిద్వారా ఇచ్చి సత్ఫలితాలు చూపాడు. డోపమిన్ రక్తంనుండి మెదడులోకి చొరబడలేదు; డోపా చొరబడి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. అయితే గింజ గింజకూ డోపా పాళ్లు మారుతాయి గనుక దూలగొండి పొడిని సొంతంగా వాడరాదు.

ఈ మందు లోపాన్ని పూరిస్తుందే గాని, నశించే కణాలను నిలుపలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రభావం త్వరగా తగ్గిపోవడం, అదుపులేని కదలికలు రావడం కద్దు. పప్పు, పెరుగు వంటి మాంసకృత్తులున్న భోజనంతో కలిపి వేస్తే కొందరిలో మందు సరిగా అందదు. వేళకు, భోజనానికి కాస్త ముందుగా ఇవ్వడం మేలు. మందులు చాలని కొందరికి మెదడు లోతున సన్నని తీగ అమర్చి విద్యుత్తు పంపే శస్త్రచికిత్స ఉన్నది. ఫ్రాన్సులో బెనబిడ్ 1987లో దానికి నాంది పలికాడు.

ఇంకొక వింత. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు నిలిచిపోయే రోగి, నేలమీద సుద్దతో అడ్డగీతలు గీస్తే చాలాసార్లు వాటిని దాటుకుంటూ నడిచిపోతాడు. లోతైన కేంద్రాలు ఆరంభించలేని అడుగును, కన్ను చూపిన గుర్తు మరొక దారిన ఆరంభింపజేస్తున్నదన్న మాట. వాకిట్లో ముగ్గు కూడా అందుకు పనికిరావచ్చు.