నక్కవినయమూ, వల్పైన్ నవ్వూ

మా సూలూరులో, కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. పాఠంలో ‘వల్పైన్’ అనే విశేషణం వస్తే బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరచిపోతారు.

ఇంగ్లీషులో జంతువు పేరు ఒకటి, విశేషణం వేరొకటి. ఫాక్స్ వాళ్ల ఇంటి మాట. వల్పైన్ లాటిన్ నుంచి తెచ్చుకున్నది. తోడేలు ఉల్ఫ్, విశేషణం లూపైన్. మనకిది వింతేమీ కాదు. పులి మన మాట, శార్దూలం సంస్కృతం నుంచి వచ్చింది.

వల్పైన్ నవ్వు అంటే ఏమిటి? నక్కవినయపు నవ్వు. ఆ మాట అమ్మమ్మ నోట విన్న పిల్లకు నిఘంటువు అక్కరలేదు. కానీ ఇప్పుడు కొన్ని ఇళ్లలో నక్క పోయి నరి వచ్చింది, దానితోపాటే నక్కవినయమూ పోయింది. నరి చక్కని తమిళ మాటే, ఉండనివ్వండి. నక్కనూ ఉండనివ్వండి.

అన్నీ ఇంత సులువుగా కుదరవు. ఆక్విలైన్ అంటే గద్దను పోలినది. ఆక్విలైన్ ముక్కు ఇంగ్లీషులో చాలాసార్లు మెచ్చుకోలు. మనం ‘గద్దముక్కు’ అంటే ఎదుటివారు నొచ్చుకుంటారు. మెచ్చుకోవాలంటే ‘కోటేరేసిన ముక్కు’ అంటాం. కోటేరంటే నాగలి, సేద్యం చేసే ఇళ్లలో పుట్టిన పోలిక.

అర్సైన్ అంటే ఎలుగుబంటి లాంటిది. మన సప్తర్షులున్న చుక్కల గుంపును వాళ్లు అర్సా మేజర్, పెద్ద ఎలుగుబంటి, అంటారు. మబ్బులేని రాత్రి మిద్దె మీదికి తీసుకెళ్లి, ఎలుగు ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి.