నీళ్ళు తేటగా ఉంటే చాలదు

ఆటపాటల మధ్య నీళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాస్త ఓపికగా వినండి.

మన పెద్దలకు నీళ్ళ సంగతి బాగా తెలుసు. స్వర్ణముఖి ఎండినప్పుడు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు ముంచుకునేవాళ్ళు. ఇసుకే వాటిని వడకట్టేది. నీళ్ళు బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్ళు. మడ్డి అడుగుకు దిగేది. చిల్లగింజకు నీళ్ళను తేర్చే గుణం ఉందని పరిశోధనలూ చెబుతున్నాయి. యానాదుల ఇంట పుట్టినా, ఎరుకల ఇంట పుట్టినా, సుగాలి తండాలో పుట్టినా ఆ తెలివికి మనం వారసులమే.

అయితే ఆ తెలివి కంటికి, ముక్కుకు, నాలుకకు అందే నీళ్ళది. ఇప్పుడు చాలా ఇళ్ళలో తాగేది బోరు నీళ్ళు. అవి వందల అడుగుల లోతున, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు. అద్దంలా మెరుస్తాయి, చల్లగా ఉంటాయి. వాటిలో ఏం కరిగి ఉందో మాత్రం కన్నూ నాలుకా చెప్పలేవు. ఆ పని పరీక్షే చేయాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

మొదటిది ఫ్లోరైడ్. మన సీమలో నేల కింద ఎక్కువగా గ్రానైటు రాయి ఉంటుంది. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్ళలో కరుగుతుంది. ఒక బోరులో ఎక్కువ ఉండి, పక్క వీధి బోరులో తక్కువ ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీళ్ళలో 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్ళు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ళ మీద తెల్లని, పసుపుపచ్చని, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు పట్టేస్తాయి, నడుము వంగిపోతుంది. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలో, మనకు దగ్గరే ఉన్న నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. నల్లగొండ కష్టం మీరంతా వినే ఉంటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బడిలో ఎవరైనా మన పిల్లవాడి పళ్ళు చూసి 'పళ్ళు తోముకోవా?' అని ఎగతాళి చేస్తే, వాడు తల దించుకోనక్కరలేదు. అది ఫ్లోరైడ్ మచ్చ అయితే ఎంత తోమినా పోదు. తప్పు పిల్లవాడిది కాదు, వాడికి అందిన నీళ్ళది.

రెండోది నైట్రేట్. పేడదిబ్బలు, మరుగుదొడ్డి గుంతలు, పొలాల్లో చల్లిన యూరియా నుంచి ఇది నేలలోకి ఇంకి బావికీ బోరుకూ చేరుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఆ నీళ్ళతో పాలపొడి కలిపి పడితే రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూడోది క్రిములు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, కలరా నీళ్ళ గుండా వస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన సంగతి, రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చి కింది ఊళ్ళను ఖాళీ చేయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వరదల్లో మురుగు వచ్చి బావుల్లో, బోర్ల చుట్టూ చేరుతుంది. వాన తగ్గాక జబ్బులు మొదలవుతాయి.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. నీళ్ళు తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే ఉంచితే క్రిములు చస్తాయి. కానీ కాచినంత మాత్రాన ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. బట్టలో వడపోసినా అంతే. ఆర్వో యంత్రం ఆ రెండింటినీ తగ్గిస్తుంది, లోపలి పొరలను వేళకు మారుస్తుంటేనే. క్యాను నీళ్ళు అమ్మేవాళ్ళు చూపించే టీడీఎస్ మీటరు మొత్తం లవణాలు ఎంతో చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతో, క్రిములు ఉన్నాయో లేవో అది చెప్పదు.

బావి నీళ్ళకు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చాలు. బకెట్టులో కలిపి, తేరిన నీళ్ళు మాత్రమే బావిలో పోసి, గంట ఆగి వాడుకోవాలి.

మరి మీరు చేయాల్సింది ఏమిటి? మూడు పనులు చెబుతాను.

ఒకటి. మీ కాలనీలో తాగే నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో, ప్రతి బోరూ, కుళాయీ, బావీ ఒక కాగితం మీద రాయండి.

రెండు. పరీక్ష చేయించండి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు పరీక్ష కిట్టు వాడడం నేర్పాలని ఉంది. ఆ ఐదుగురిలో మన ఆడబిడ్డలు ఉన్నారా అని సచివాలయంలో అడగండి. లేకపోతే చేర్చమనండి. కిట్టులో తేడా కనబడితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపండి. రసాయనాలకు ఏడాదికి ఒకసారి, క్రిములకు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్ళు ఇచ్చే శుభ్రం చేసిన సీసానే వాడాలి.

మూడు. ఫలితం అందరికీ కనబడేలా గోడ మీద రాయండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరుకు ఎర్ర రంగు వేసి 'తాగడానికి కాదు' అని రాయండి. గిన్నెలకు, బట్టలకు అది పనికొస్తుంది. తాగడానికి వేరే నీళ్ళు కావాలని గ్రామసభలో కాగితం పెట్టండి. చెరువు, డ్యాము నీళ్ళలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే ఉంటుంది. మన మండలంలోని కళ్యాణి డ్యాము నీళ్ళు తిరుపతి దాకా పోతున్నాయి కదా. మన కాలనీకి మంచి నీళ్ళు ఎందుకు రావు అని అడగడంలో తప్పేం లేదు.

'మా నీళ్ళు బాగాలేవు సార్' అంటే 'చూద్దాంలే' అంటారు. 'మా బోరులో ఫ్లోరైడ్ ఇంత ఉంది, ఇదిగో ల్యాబు కాగితం' అంటే అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. చదువుకున్న మీ వల్ల మన కాలనీలకు జరగాల్సిన మేలు ఇది. మన పెద్దలు చెలమ తీసి మంచి నీళ్ళు వెతుక్కున్నారు. మీరు పరీక్ష చేసి వెతకండి.