కడుపు దెబ్బ – తిల్లి గాయం : కోత లేకుండా కాపాడే వైద్యం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మేము షుగరు గురించో బి.పి. గురించో మాట్లాడతామని చాలామంది అనుకొని ఉంటారు. కాని మేము తెచ్చిన విషయం వేరు. మన చాంద్రాయణగుట్ట చౌరస్తా సంగతి మీకు తెలియనిది కాదు. ఇటు బార్కస్, అటు బండ్లగూడ, మరోవైపు ఫలక్‌నుమా. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఆ బండ్లు కూడా తోడైనాయి. ఒక్క స్కూటరు మీద ముగ్గురేసి పోయే పిల్లలను రోజూ చూస్తూనే ఉన్నాము. తలకు దెబ్బ తగిలితే అందరూ ఆస్పత్రికి పరుగెత్తుతారు. కడుపుకు తగిలితే మాత్రం, పైకి రక్తం కనపడదు గనుక, "ఏం కాలేదులే" అని ఇంటికి పోతారు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

మా ఎరుకలోని ఒక అబ్బాయి సైకిలు మీది నుంచి పడ్డాడు. హ్యాండిలు కడుపులో పొడుచుకున్నది. అమ్మీ గ్యాసు నొప్పి అనుకొని వాము నీళ్లు తాగించింది. రాత్రికి వాడు ఎడమ భుజం నొప్పి అన్నాడు. భుజానికి దెబ్బే తగలలేదు! మొహం పాలిపోయి, చల్లని చెమటలు పట్టేసరికి ఆస్పత్రికి తీసుకుపోయారు. స్కానింగులో తిల్లి చీలినట్టు తేలింది.

తిల్లిని పుస్తకాల్లో ప్లీహం అంటారు. అది ఎడమవైపు 9, 10, 11వ పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో తూకం సుమారు 150 గ్రాములే. పాతబడిన రక్తకణాలను ఏరివేయడం, కొన్ని రకాల క్రిములను పట్టి చంపడం దాని పని. దానినిండా రక్తమే గనుక చీలితే కడుపులోపలే రక్తం కారిపోతుంది. ఆ రక్తం పైనున్న పొరకు తగిలితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది.

మలేరియాలో తిల్లి ఉబ్బడాన్నే మన పెద్దలు "కడుపులో బల్ల" అనేవారు. దోమ కడుపులో మలేరియా పురుగును రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అలా ఉబ్బిన తిల్లి చిన్న దెబ్బకే పగలవచ్చు.

వెనుకటికి చీలిన తిల్లిని కోసి తీసివేయడమే వైద్యం. అది లేకపోయినా మనిషి బతుకుతాడు, నిజమే. కాని తిల్లి తీసివేసిన పసిపిల్లలకు తీవ్రమైన క్రిమి వ్యాధులు వస్తున్నాయని 1952లో అమెరికాలో కింగ్, షూమేకర్ అనే వైద్యులు తెలిపారు. పిల్లలలో చీలిన తిల్లి తనంతట తానే మానగలదని 1968లో కెనడాలోని టొరంటో నుంచి ఉపాధ్యాయ, సింప్సన్ అనే వైద్యులు వెల్లడించారు. ఈ ఉపాధ్యాయగారు ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రచికిత్సకు ఆచార్యులుగా పనిచేసిన మన దేశపు వైద్యులే. రక్తనాళంలోనుంచి పోయి రక్తస్రావాన్ని ఆపే పద్ధతిని 1981లో అమెరికాలో స్క్లాఫానీ అనే వైద్యుడు ప్రచురించాడు.

అది ఎట్లా చేస్తారంటే, తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ఉన్న ధమనిలోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ తిల్లి ధమని దాకా తీసుకుపోతారు. అక్కడ చిన్న లోహపు చుట్టలు పెట్టి రక్తం ఉధృతిని తగ్గిస్తారు. పక్కనుండే చిన్న నాళాల ద్వారా తిల్లికి రక్తం అందుతూనే ఉంటుంది. కడుపు కోయనక్కరలేదు.

అయితే ఇది అందరికీ పనికిరాదు. సెలైను, రక్తం ఎక్కిస్తున్నా బి.పి. పడిపోతుంటే, పేగు కూడా తెగి ఉంటే వెంటనే ఆపరేషను చేయవలసిందే. బి.పి. నిలకడగా ఉన్నవారినే గమనిస్తూ ఉంచుతారు. అందరికీ గొట్టం వేయరు. కొందరికి విశ్రాంతి, పరీక్షలు చాలు.

ఆ అబ్బాయికి మొదట ఏ కోతా లేకుండా పడుకోబెట్టారు. వాళ్ల చాచా, "వీళ్లు ఏమీ చేయడం లేదు, వేరే చోటికి తీసుకుపోదాం" అని గొడవకు దిగారు. మమ్మల్ని పిలిచారు. "చాచా, గంటగంటకూ నాడి, బి.పి. చూడటం, మాటిమాటికీ రక్త పరీక్ష చేయడం – ఇదే వైద్యం. దారిలో మళ్లీ రక్తం కారితే ఆపేదెవరు?" అని నచ్చజెప్పినాము. ఆయన చాలాసేపు ఆలోచించి సరేనన్నారు. మరునాడు మళ్లీ రక్తం కారడం మొదలైంది. ఆస్పత్రిలోనే ఉన్నాడు గనుక గొట్టం ద్వారా ఆపగలిగారు. అల్లా దయవల్ల ఇప్పుడు వాడు కాలేజీకి పోతున్నాడు.

చివరగా కొన్ని మనవులు. కడుపుకు గట్టి దెబ్బ తగిలితే వాము నీళ్లతో, నొప్పి మాత్రతో కాలయాపన చేయవద్దు. 108కి ఫోను చేయండి. ఆడపిల్లలు బిడియపడి దెబ్బ దాచకుండా చూడవలసింది తల్లులే. ఇంటికి వచ్చాక కూడా కొన్ని రోజులకు తిల్లి మళ్లీ పగలవచ్చు గనుక, డాక్టరు చెప్పేదాకా బరువులు, ఆటలు, బండి వద్దు. తిల్లి తీసివేసినవారు న్యుమోనియా, మెదడు పొరల వాపు టీకాలు తప్పక వేయించుకోవాలి. హాజీలు పోయేముందు వేయించుకునే మెనింజైటిస్ టీకా వారికి కూడా అవసరమే. జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగరాదు.

యువకులారా, ఇలాంటి వేళ ముందుగా కావలసింది రక్తం. మీ గ్రూపు తెలుసుకొని, సొసైటీ పుస్తకంలో పేరు రాయించండి.