నేటాల్‌లో తెలుగుకు దొరికిన పని
(రెడ్డిగూడెంలో చేసిన స్మారకోపన్యాసం)



ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించడంలోనే సర్వీసంతా గడిపిన మాస్టారి పేరున జరిగే సభలో ఆఫ్రికా ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. విదేశాల్లో మన పిల్లల తెలుగు ఏమైపోతుందోనని ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ బెంగపడుతున్నాం. ఆ బెంగ నూట అరవై ఏళ్ల కిందటే పడ్డవాళ్లు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో ఉన్నారు. వాళ్లు ఏం చేశారో, ఎక్కడ చేతులెత్తేశారో తెలుసుకోవడం మంచిది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లినవాళ్లు వీళ్లు. 1911లో ఈ పద్ధతి ఆగేలోపు లక్షా యాభై రెండు వేల మందికి పైగా అలా వెళ్లారు. వాళ్లలో ఎక్కువ మంది ఎక్కింది మద్రాసు రేవులోనే. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువాళ్లు అందులో కలిసిపోయారు. కలిసిపోయారని ఎందుకంటున్నానంటే, ఓడ పట్టీలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ దాకా రాసుకున్నారు గాని, భాషకు గడి పెట్టలేదు. మద్రాసులో ఎక్కినవాడు మద్రాసీ, అంతే.

మొదట్లో జీతం నెలకు పది షిల్లింగులు, పైన తిండి గింజలు. బియ్యం చాలనప్పుడు మొక్కజొన్న పిండి కొలిచి ఇచ్చేవారు. సంకటి కెలికిన చేతులకు అదేమంత కష్టం కాలేదు. జులూలు పొడిపొడిగా వండుకునే పుటు ఇప్పుడు అక్కడి మనవాళ్ల ఇళ్లలోనూ వండుతారు. రెడ్డిగూడెం మామిడి పండే ఊరు కాబట్టి ఇంకొక్కటి చెప్పి ముందుకు వెళ్తాను: పచ్చిమామిడి ఊరగాయ అక్కడ 'అచార్' అయి, నల్లజాతివాళ్ల పేటల్లో రొట్టెతో నంజుకునే మామూలు తిండి అయింది. మన నోటి రుచి మన నుడికారం కన్నా సులువుగా గడప దాటింది.

తిండితో సర్దుకున్నంత తేలిగ్గా మాటతో సర్దుబాటు కుదరలేదు. తోటలో జులూ కూలీలతో, తెల్ల ఓవర్సీర్లతో మాట్లాడాలంటే 'ఫనగలో' అనే భాష రావాలి. అది పదాలు ఎక్కువగా జులూ నుంచి తీసుకున్న పొట్టి భాష. కూలీ లైన్లలో పక్కింటివాళ్లతో తమిళం. తెలుగు అవసరం పడేది పొద్దుగూకి ఇంటికి చేరాకే. ఒంట్లో ఓపిక లేని వేళ మిగిలిన ఆ కాస్త మాటతో ఒక భాష ఎన్ని తరాలు నడుస్తుంది?

దీనికి మొదటి జవాబు 1903లో నెల్లూరు నుంచి వెళ్లింది. స్టాంగర్ దగ్గర కియర్స్నీలో హ్యూలెట్ దొర తేయాకు తోట ఉండేది. అందులో పనిచేసే తెలుగు బాప్టిస్టులు మాకొక బోధకుణ్ణి పంపండని స్వదేశానికి కబురు పెట్టారు. తెలుగు క్రైస్తవులు తమ చందాలతో నడుపుకునే సంఘం జాన్ రంగయ్యను పంపింది. తెల్ల మిషనరీలు మన దేశానికి రావడం అందరికీ తెలుసు. తెలుగువాడు మిషనరీగా సముద్రం దాటి, అదీ తెలుగువాళ్ల కోసం వెళ్లడం మన చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనబడదు. ఆ డిసెంబరులోనే కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా రంగయ్య నేటాల్‌లోనే ఉన్నారు. మతం మాట అటుంచండి. కీర్తన పాడాలన్నా, వేదవాక్యం చదవాలన్నా తెలుగు లిపి కావాలి. ఆ ఒక్క కారణంతో తెలుగుకు ఆదివారం పూట ఒక ఉద్యోగం దొరికింది. హిందువులకు ఆ పని భజనలు, గుళ్లు చేశాయి. మౌంట్ ఎడ్జ్‌కూంబ్ గణపతి గుడి కట్టిన కిష్టప్ప రెడ్డి పేరు అక్కడి ఆలయ చరిత్రలో మొదటి వరసలో ఉంటుంది.

అదే 1903లో గాంధీగారి 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం, ఈ నాలుగింటిలో. తెలుగు లేదు. గాంధీగారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మన గడి మనమే గీసుకోవాలన్న సంగతి మనవాళ్లకు అర్థం కావడానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. కూర్మా వెంకటరెడ్డి నాయుడు, తర్వాత 1937లో మద్రాసు ప్రధానిగా కొన్నాళ్లు చేసినాయన, దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్న రోజుల్లో, 1931లో, అక్కడ ఆంధ్ర మహాసభ పుట్టింది. సాయంకాలపు బడులు, పాటల పోటీలు, నాటకాలు నడిచాయి. పగలంతా ఇంగ్లీషు బడిలో కూర్చున్న పిల్లాడు సాయంత్రం మళ్లీ పలక పట్టుకోవాలి. పాఠం చెప్పేవాళ్లదీ అదే వరస, పగటి కొలువు ముగించుకొని రావాలి. ఎంత ఇష్టమున్నా ఆ ఏర్పాటులోనే అలసట ఉంది.

ఇంగ్లీషు ఇంటిభాష అయ్యాకే సర్కారు బడుల్లో భారతీయ భాషలకు చోటు దొరికింది, అది 1984లో. అప్పటికి అమ్మమ్మలు తెలుగులో అడిగితే మనవలు ఇంగ్లీషులో జవాబు చెప్పే దశ. 1996 రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల జాబితాలో తెలుగును పేరుపెట్టి చేర్చింది. మంచిదే, కాని రాజ్యాంగంలో పేరుందని ఏ పిల్లాడూ గుణింతాలు నేర్చుకోడు. నా మట్టుకు ఆ జాబితా కన్నా సాయంకాలపు బడి తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే ముఖ్యం.

మారిషస్‌ను చూడండి. అక్కడికీ మనవాళ్లు చెరకు తోటల కూలీలుగానే వెళ్లారు, నేటాల్ కన్నా ముందే. ఇళ్లలో క్రియోల్ మాట్లాడతారు, కాబట్టి ఇంటి సంగతి నేటాల్ కన్నా మెరుగని చెప్పలేను. 1946లో అక్కడా ఆంధ్ర మహాసభ వచ్చింది. తేడా ఎక్కడంటే, ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు పగటి పూటే, టైంటేబుల్లోనే ఉంది. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అయ్యవార్లకు శిక్షణ ఇస్తుంది. ఉగాదికి దేశమంతటికీ సెలవు. తెలుగు అయ్యవారికి నెలనెలా జీతం ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది.