తిరునాళ్ళకు అతిథిగా వెళ్ళాను

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా డిసెంబరు 17న జరిగిన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు ఫ్రాన్సులో కూతురి దగ్గర ఉండగా ఒక పల్లెటూళ్ళో చూసిన జూలై 14 పండుగ గురించి కళ్ళకు కట్టినట్లు చెప్పారు. ఆ తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నాకు పాస్‌పోర్టు లేదు. నేను నాలుగు రోజులుండి వచ్చింది ఎడ్లపాడు. అయితే ఒక్క మాట. ఎడ్లపాడు మండలంలోనే ఉన్న కొండవీడు కోట 1752లో ఫ్రెంచివారి చేతికీ, 1788లో ఇంగ్లీషువారి చేతికీ పోయింది. ఆ లెక్కన ఎడ్లపాడు కూడా కొన్నాళ్ళపాటు ఫ్రెంచివారి పల్లెటూరే. కనుక నా ప్రసంగం విషయం దాటిపోలేదని అధ్యక్షులవారు గమనించ ప్రార్థన.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో రిటైరయ్యాను. ఈ మధ్యకాలంలో కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు ఏడుసార్లు డ్యూటీ పడింది. తాటాకు పందిరి, ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఒక మైకు. తప్పిపోయిన పిల్లల పేర్లు రాసుకోవడం, కేకేయించడం, తల్లిదండ్రులు వస్తే సంతకం తీసుకుని అప్పగించడం. ప్రభ వస్తోందంటే జనమంతా అటు పరుగెత్తేవారు. మాకు మాత్రం ఆ పరుగులో తప్పిపోయి ఏడ్చుకుంటూ వచ్చే పిల్లలు కనబడేవారు. ఏడు తిరునాళ్ళకు వెళ్ళినా ఒక్క ప్రభనూ నిలబడి తీరిగ్గా చూసింది లేదు.

మా రెండో అమ్మాయి అత్తవారిది ఎడ్లపాడు. 2025 ఫిబ్రవరి 26న మహాశివరాత్రి వచ్చింది. మా వియ్యంకుడుగారు ఫోన్ చేసి, "బావగారూ, ఇన్నాళ్ళూ సర్కారు తరఫున వచ్చారు. ఈసారి మా తరఫున రండి" అన్నారు. ఆ మాట బాగుందనిపించి నేనూ మా ఇంటావిడా బయలుదేరాం.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఎటు చూసినా మిరపకాయలే. కళ్ళాల్లో ఎర్రటి తివాచీ పరిచినట్లు ఉంటాయి. ఊళ్ళో అడుగుపెడుతూనే తుమ్ములు మొదలవుతాయి. శివరాత్రి ఉదయం మా మనవడికి వెదురుబద్దలతో, రంగు కాగితాలతో చిన్న ప్రభ కట్టారు. పిల్లవాడికి జబ్బు చేస్తే మొక్కుకున్నారట. మూరెడు ప్రభను భుజాన పెట్టుకుని వాడు నడుస్తుంటే, వాడి వెనుక నలుగురు పెద్దవాళ్ళం నడిచాం.

చిలకలూరిపేట దాటి పురుషోత్తమపట్నం వైపు వెళ్ళేసరికి అసలు ప్రభలు కనబడ్డాయి. చూడనివారికోసం నాలుగు మాటలు చెబుతాను. కింద చక్రాలున్న బలమైన చట్రం. దానిమీద వెదురుబొంగులు ఒకదానికొకటి కట్టుకుంటూ పైకి లేపుతారు. ఎనభై, తొంభై అడుగులవీ ఉంటాయి. గుడ్డలు, కాగితాలు, ఇప్పుడు వేలకొద్దీ రంగు బల్బులు. వెనుక జనరేటరు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. నాలుగు పక్కలా మోకులు పట్టుకుని మనుషులు నడుస్తారు. ఒకవైపు వాలితే రెండోవైపువారు బిగించాలి. అంత ఎత్తు కట్టడాన్నీ నిలబెట్టేది కిందనున్న చేతులే. కావూరు, యడవల్లి, పురుషోత్తమపట్నం, ఇలా ఊరూరా ప్రభ కడతారు. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన కుర్రవాణ్ణి ఒకణ్ణి పలకరించాను. గుమాస్తా బుద్ధి పోదు గదా, పుస్తకం తీసుకుని చూశాను. వేలు రాసినవారూ, యాభై రాసినవారూ ఒకే పేజీలో ఉన్నారు. కూడిక సరిపోయింది.

దారిలో ఒకచోట మా ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఉన్న కరెంటు తీగలు విప్పి పక్కన పెట్టారు. ప్రభలు దాటాక మళ్ళీ కట్టాలి. స్తంభం మొదట్లో ఒక లైన్‌మన్ కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో.

"భోజనం చేశావా నాయనా?" అన్నాను.

"ఇంకా రెండు ప్రభలు దాటాలి గదండీ."

"ఇంట్లో పండుగ?"

"మావాళ్ళంతా కొండకి వెళ్ళారండీ. నేనూ తిరునాళ్ళలోనే ఉన్నాను గదా" అని నవ్వాడు.

తరువాత ఎప్పుడో రెండో జాములో తిరిగి వస్తూ చూశాను. ఆ కుర్రవాడు స్తంభం పైనున్నాడు. కిందనున్నతను ఎల్.సి. ఇంకా తిరిగివ్వలేదు కదా అని ఫోనులో ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంటున్నాడు. అక్కడ ఒక్క మాట తేడా వస్తే ఒక ఇంటి దీపం ఆరిపోతుంది. లక్షలమంది చూసిన వెలుగు వెనుక ఇంత చీకట్లో పనిచేసేవారున్నారు. కండక్టర్లు, కానిస్టేబుళ్ళు, పారిశుధ్య కార్మికులు, మందుల పెట్టె ముందేసుకున్న నర్సమ్మలు, అందరూ ఆ లెక్కలోనివారే.

ఈ కొండ దగ్గరే 1909 శివరాత్రి తిరునాళ్ళలో జనానికీ పోలీసులకూ ఘర్షణ జరిగి కాల్పుల దాకా వెళ్ళింది. ఆ కేసులో చిన్నపరెడ్డిని ఉరితీశారు. అప్పటి సర్కారు పరాయివారిది. జనం ఒకవైపు, డ్యూటీ మరొకవైపు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాడు మన పిల్లవాడే. అయినా జనం అతన్ని చూసే చూపులో పాత దూరం కొంత మిగిలే ఉందని నాకు అనిపిస్తుంది. బండి ఆపితే కోపం, తీగ విప్పడం ఆలస్యమైతే కేకలు. మంచినీళ్ళు కావాలా అని అడిగేవారు తక్కువ.

మిత్రులు చెప్పిన ఫ్రాన్సు సంగతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. జూలై 14 వారికి 1880 నుంచి జాతీయ పండుగ. ఆ ముందురోజు రాత్రో, ఆ రాత్రో చాలా ఊళ్ళలో అగ్నిమాపక దళంవారే జనాన్ని పిలిచి ఆటపాటల వేడుక జరుపుతారు. ఆ దళాల్లో ఎక్కువమంది వేరే పని చేసుకుంటూ స్వచ్ఛందంగా సేవచేసే ఊరివాళ్ళే. అంటే మంటలార్పేవాడే ఆ రాత్రి పండుగకు పెద్ద. జనం అతని ఇంటికి అతిథులు. మనదగ్గర డ్యూటీలో ఉన్నవాడు పండుగకు బయటివాడు. తేడా అంతా అక్కడే ఉంది.

కొండమీద భక్తులు "చేదుకో కోటయ్యా" అని పిలుస్తారు. బావిలోంచి నీళ్ళు చేదినట్లు మమ్మల్ని పైకి చేదుకోమని. చేదాలంటే పైన ఎవరో తాడు పట్టుకుని నిలబడాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా మనమంతా ఆ తాడు పట్టుకున్నవాళ్ళమే. తాడు పట్టినచేతికి ఎంత నొప్పో మనకు తెలిసినట్లు ఇంకెవరికి తెలుస్తుంది?

కనుక సభ ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే శివరాత్రికి ప్రభలు నడిచే దారిలో మన సంఘం తరఫున ఒక పందిరి వేద్దాం. అది యాత్రికులకు కాదు, వారికి పెట్టే పుణ్యాత్ములు చాలామంది ఉన్నారు. డ్యూటీలో ఉన్నవారికి మాత్రమే. మజ్జిగ, పులిహోర పొట్లం, కాసేపు నడుం వాల్చడానికి రెండు మంచాలు. కదలగలిగినవారు పొట్లాలు అందించవచ్చు. కదలలేనివారు కూర్చుని తప్పిపోయిన పిల్లల రిజిస్టరు రాయవచ్చు, ఆ పని నేర్పడానికి నేనున్నాను. మొదటి చందాగా ఐదువందల రూపాయలు కోశాధికారిగారికి ఇస్తున్నాను. రసీదు ఇప్పించగలరు.