పూల్ బల్ల దగ్గర దురదృష్టం, కోపం



కొన్నేళ్ల కిందట నా దగ్గర డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న కుర్రవాడొకడు, ప్రాక్టికల్ పరీక్షలు పది రోజులున్నాయనగా, కుడిచేతికి పిండికట్టుతో ల్యాబ్‌కి వచ్చాడు. చిటికెన వేలికి దిగువన, అరచేతిలో ఉండే ఎముక విరిగింది. పిడికిలి బిగించి గోడనో బల్లనో గుద్దేవాళ్లకు తరచుగా విరిగేది ఆ ఎముకే. డాక్టర్లు దాన్ని 'బాక్సర్ ఫ్రాక్చర్' అంటారు. శిక్షణ ఉన్న బాక్సర్లు అలా గుద్దరు కాబట్టి ఆ పేరు వాళ్లకు కాస్త అన్యాయమే.

"ఏమిటయ్యా ఇది?" అని అడిగాను. "పూల్ ఆడుతూ... ఆ రోజు నా అదృష్టం బాగాలేదు సార్" అన్నాడు. ఆ రోజుటి మా సంభాషణే ఇవాళ్టి పాఠం.

పూల్ ఆట చూడనివారి కోసం రెండు మాటలు. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల, దానికి ఆరు పాకెట్లు, పదిహేను రంగు బంతులు, ఒక తెల్ల బంతి. క్యూ అనే పొడవాటి కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాని ద్వారా రంగు బంతిని పాకెట్‌లో పడెయ్యాలి. మన ఇళ్లల్లో ఆడే క్యారమ్స్‌కి ఇది దూరపు చుట్టం. స్ట్రైకర్ స్థానంలో తెల్ల బంతి ఉందనుకోండి. 'ఎయిట్ బాల్' అనే రకంలో, మీ వాటాకు వచ్చిన ఏడు బంతులూ పడ్డాక చివరికి 8 అంకె ఉన్న నల్ల బంతిని వెయ్యాలి. అది పడుతూ పడుతూ, వెనకే తెల్ల బంతి కూడా పాకెట్‌లో పడిందా, ఆట మొత్తం పోయినట్టే.

మా వాడికి జరిగింది ఇది. ముందుగా, ఎదుటివాడు గురి పెట్టిన బంతి తప్పి, రెండు గట్లకు తగిలి, వేరే పాకెట్‌లో పడింది. తర్వాత మా వాడు ఒక తేలికైన బంతిని అంగుళం తేడాతో పోగొట్టుకున్నాడు. చివరికి నల్ల బంతిని నిటారుగా కొట్టి పడేశాడు గానీ తెల్ల బంతి కూడా దాని వెంటే వెళ్లి పడింది. ఆ క్షణాన బల్ల చెక్క అంచు మీద పిడికిలి దిగింది.

మూడు సంఘటనలు. మూడింటికీ వాడు పెట్టిన పేరు ఒక్కటే: దురదృష్టం. ఆ పేరు మూడింటికీ సరిపోతుందా అని నేను స్కేలు తీసి బల్ల మీద పెట్టాను.

మొదటిది నిజంగా అదృష్టమే, అయితే అది ఎదుటివాడిది. బంతులు ఒకదానికొకటి తగిలేటప్పుడు చిన్న తేడా ప్రతి అభిఘాతంలోనూ పెద్దదవుతూ పోతుంది. ఎంతగా పెరుగుతుందో తెలుసా? బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త మైఖేల్ బెర్రీ 1978లో ఒక లెక్క వేశాడు. బంతి తొమ్మిది అభిఘాతాలు దాటేసరికి, బల్ల పక్కన మసులుతున్న మనుషుల గురుత్వాకర్షణను కూడా లెక్కలోకి తీసుకోకపోతే దాని దిశ చెప్పలేమన్నాడు. బ్రేక్ కొట్టినప్పుడు పదిహేను బంతులూ చెదిరే తీరు ఏ ఇద్దరికీ, ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. దాన్ని అదృష్టమనడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

రెండో సంఘటన దగ్గర కొంచెంసేపు ఆగుదాం. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్ల చిల్లర. తెల్ల బంతి మీటరు దూరం వెళ్లి రంగు బంతికి తగలాలి, రంగు బంతి ఇంకో మీటరు వెళ్లి మూల పాకెట్‌లో పడాలి అనుకోండి. మీరు కొట్టిన దిశలో ఒక డిగ్రీలో పదో వంతు తేడా వచ్చింది. మీటరు వెళ్లేసరికి ఆ తేడా 1.75 మిల్లీమీటర్లు, అంటే సుమారుగా రూపాయి బిళ్ల మందం. అంతే కదా అనిపిస్తుంది. అయితే రంగు బంతి వెళ్లే దిశను నిర్ణయించేది రెండు బంతుల కేంద్రాలను కలిపే రేఖ. తగిలే చోటు 1.75 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే, ఆ రేఖ 57లో 1.75 వంతు, అంటే దాదాపు ఒకటిమ్ముప్పావు డిగ్రీ తిరిగిపోతుంది. డిగ్రీలో పదో వంతు తేడా పదిహేడు రెట్లు పెరిగిందన్నమాట. ఆ తేడాతో రంగు బంతి మీటరు వెళ్లేసరికి మూడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. మూల పాకెట్ నోరు సుమారు 11.4 సెంటీమీటర్లు. అందులో బంతి వెడల్పు తీసేస్తే ఇటూ అటూ మిగిలేది మూడు సెంటీమీటర్ల లోపే. బంతి అంచుకు తగిలి బయటికి వచ్చేస్తుంది.

మా వాడు స్పెక్ట్రోమీటర్ మీద డిగ్రీలో అరవయ్యో వంతు చదివే విద్యార్థి. డిగ్రీలో పదో వంతు అంటే ఆరు నిమిషాల కోణం. అది చిన్నదో పెద్దదో వాడికి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చేతి సంగతి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ కంటికి కనపడనంత సన్నని వణుకు ఉంటుంది, సెకనుకు సుమారు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల మీద టోపీలా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఆ సన్నని వణుకు ఎక్కువవుతుంది. పులి ఎదురైతే పరిగెత్తడానికీ, కలబడడానికీ ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. డిగ్రీలో పదో వంతు గురి కోసం కాదు. కబడ్డీలో కోపం వస్తే ఇంకాస్త బలంగా పట్టుకోవచ్చు, ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. పూల్‌లో ఆ బలానికి చోటు లేదు. ఎదుటివాడి బంతి అడ్డదిడ్డంగా పడ్డాక మా వాడు కొట్టిన షాట్‌లో దురదృష్టం ఎంత, బిగిసిన మణికట్టు ఎంత అన్నది విడదీసి చెప్పలేం. మొత్తం దురదృష్టానిదే అనడం మాత్రం లెక్కకు నిలవదు.

మూడోది వాడికి బాగా నచ్చలేదు. సమాన ద్రవ్యరాశి ఉన్న రెండు బంతులు ఎదురెదురుగా, నిటారుగా తగిలితే, కదిలే బంతి ఆగిపోయి నిలిచి ఉన్న బంతి కదులుతుందని మీరు ఇంటర్మీడియట్‌లో చదువుకున్నారు. కానీ తెల్ల బంతి జారుతూ వెళ్లడం లేదు, దొర్లుతూ వెళ్తోంది. ఢీకొన్నప్పుడు దాని ముందుకు పోయే వేగం రంగు బంతికి వెళ్లిపోతుంది, దొర్లుడు మాత్రం దానిలోనే మిగులుతుంది. బట్టతో ఘర్షణ వల్ల ఆ దొర్లుడు మళ్లీ వేగంగా మారి, మొదటి వేగంలో ఏడింట రెండు వంతులతో తెల్ల బంతి ముందుకు సాగుతుంది. ముందున్నది పాకెట్. తెల్ల బంతిని కేంద్రానికి కొంచెం కింద కొట్టి ఉంటే, తగిలే సమయానికి దొర్లుడు లేకుండా ఉండి, అది అక్కడే ఆగిపోయేది. వాడి ఎముక విరగడానికి కారణమైన బంతి భౌతికశాస్త్రం ఎటు పొమ్మందో అటే పోయింది.

"అయితే తప్పంతా నాదేనా సార్?" అన్నాడు. కాదు. మూడింటిలో ఒకటి అచ్చమైన అదృష్టం, ఒకటి సగం సగం, ఒకటి తెలియనితనం. కోపం చేసే పని ఏమిటంటే, మూడింటినీ ఒకే మూటలో కట్టి, దాని మీద 'నాకే ఎందుకిలా' అని రాసిపెట్టడం. విడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక్కో మందు ఉంది. మూటగా చూస్తే పిడికిలి తప్ప ఏమీ కనపడదు.

'నాకే ఎందుకిలా' అనే మాటకు సంభావ్యతా శాస్త్రం దగ్గర ఒక జవాబు ఉంది. పది షాట్లకు ఏడు వేసే ఆటగాణ్ని తీసుకోండి, మంచి ఆటగాడే. వరసగా మూడు తప్పడానికి సంభావ్యత 0.3 × 0.3 × 0.3, అంటే 0.027. చాలా అరుదనిపిస్తుంది. కానీ అతను వంద షాట్లు ఆడితే, ఎక్కడో ఒకచోట వరసగా మూడు తప్పే అవకాశం నూటికి ఎనభై పైమాటే. డబ్బాలో పది చీటీలు వేసి, మూడింటి మీద ఇంటూ గుర్తు పెట్టి, ఒక్కోటి తీసి చూసి మళ్లీ లోపల వేస్తూ వందసార్లు రాసుకోండి. ఇంటూలు గుంపులుగా రావడం చూస్తారు. చీటీలకు మీ మీద పగ లేదు కదా.

ఇక కోపాన్ని ఏం చెయ్యాలి? మింగెయ్యమని పెద్దవాళ్లు, కక్కెయ్యమని స్నేహితులు చెబుతారు. రెండింటినీ పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్నారు. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ 1993లో ప్రచురించిన పరిశోధనలో, భావాన్ని ముఖంలో కనపడకుండా అణచిపెట్టినవాళ్లకు లోపలి అనుభూతి తగ్గలేదు, పైగా శరీరంలో కొన్ని రకాల ఉద్రేకం పెరిగింది. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, 600 మంది విద్యార్థులకు ముందు కోపం తెప్పించారు. కొందరు కోపం తెప్పించినవాణ్ని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దారు, కొందరు ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. కోపం ఎక్కువగా మిగిలింది గుద్దినవాళ్లకే. బల్ల అంచును గుద్దితే కోపం దిగిపోతుందనే నమ్మకం ఎముకకే కాదు, కోపానికి కూడా మంచి చెయ్యదన్నమాట.

పూల్‌లో ఒక చిక్కుంది. మీ షాట్ తప్పాక మీరు వెళ్లి కూర్చోవాలి. ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ చేసేదేమీ ఉండదు. కోపం ఉడికేది ఆ కుర్చీలోనే. ఆ సమయానికి ఒక పని పెట్టుకోండి. ముందు నాలుగైదుసార్లు ఊపిరిని నిదానంగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం వల్ల గుండె కొంచెం నెమ్మదిస్తుంది, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. ఆ తర్వాత జరిగినదానికి కొలతల్లో పేరు పెట్టండి. 'ఖర్మ' అనకుండా 'తెల్ల బంతికి మధ్యకంటే పైన తగిలింది' అనండి. నిజంగానే ఎదుటివాడి అదృష్టమైతే 'ఫ్లూక్' అనండి. స్నూకర్ ఆటగాళ్లకు ఒక మర్యాద ఉంది, ఫ్లూక్ పడితే చెయ్యెత్తి క్షమాపణ చెబుతారు. ఆ చెయ్యిని చూసి తల ఊపడం కూడా ఆటలో భాగమే.

మళ్లీ మీ వంతు వచ్చాక క్యూ కొనకు చాక్ రాయడం, షాట్ వెనక నిలబడి చూడడం, వంగడం, ఇవి ప్రతిసారీ ఒకే వరసలో చెయ్యండి. వంగాక పాత షాట్ గుర్తొస్తే లేచి నిలబడి మొదటి నుంచీ మొదలెట్టండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. డబ్బు పందెం ఉన్న బల్ల దగ్గర మాత్రం నేను చెప్పినవేవీ పనిచెయ్యవు. పోయింది రాబట్టుకోవాలన్న తొందర ముందు ఏ ఊపిరీ నిలవదు. అక్కడికి వెళ్లకండి.

నవ్వడం అంటే గుర్తొచ్చింది. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్పూర్ సైనికాధికారుల మెస్‌లో. దాన్ని మొదలుపెట్టిన నెవిల్ చేంబర్లేన్ 1938లో రాసిన లేఖ ప్రకారం, 'స్నూకర్' అనేది మిలిటరీ అకాడమీలో కొత్తగా చేరినవాళ్లను ఎగతాళిగా పిలిచే మాట. తేలికైన బంతిని పోగొట్టుకున్న ఒక అధికారిని ఆయన ఆ మాట అన్నాడు. అతను నొచ్చుకుంటాడని వెంటనే, ఈ ఆటకు మనమంతా స్నూకర్లమేలే అని సర్దిచెప్పాడు. ఆటకు ఆ పేరే నిలిచిపోయింది. ప్రపంచమంతా ఆడే ఆ ఆట పేరు ఒక తప్పిపోయిన షాట్ నుంచీ, ఒక ఓదార్పు మాట నుంచీ వచ్చిందన్నమాట.

మా వాడు ఆ సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష రాయలేకపోయాడు. స్పెక్ట్రోమీటర్ మర తిప్పాలంటే కుడిచెయ్యి కావాలి. డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోయింది, వాళ్ల నాన్నగారు నాతో మాట్లాడిన పది నిమిషాలూ తల ఎత్తలేదు. కట్టు విప్పాక వాడికి ఒక పని అప్పగించాను. ప్రతి ఆటలోనూ ఎదుటివాడి ఫ్లూక్‌లు, తన ఫ్లూక్‌లు, తన తప్పులు మూడు గడుల్లో రాయాలి. షాట్ అయిన వెంటనే రాయాలి, ఇంటికి వెళ్లాక కాదు. ఎందుకంటే ఇంటికి వెళ్లేసరికి తన ఫ్లూక్‌లు ఎవరికీ గుర్తుండవు.

రెండు నెలల తర్వాత పుస్తకం తెచ్చి చూపించాడు. మొదటి రెండు గడులూ దాదాపు సమానంగా ఉన్నాయి. మూడో గడి నిండి పక్క పేజీలోకి పాకింది. ఒకచోట పెన్ను అంత గట్టిగా నొక్కాడు, కాగితం చిరిగి ఉంది. "ఇక్కడేమయింది?" అన్నాను. "మళ్లీ తెల్లది నల్లదాని వెంటే పోయింది సార్" అన్నాడు. "చెయ్యి?" అన్నాను. రెండు చేతులూ నా ముందు చాచి, వేళ్లు ఆడించి చూపించాడు.

మీలో పూల్ బల్ల అందుబాటులో లేనివాళ్లు ఈ మూడు గడుల పుస్తకాన్ని క్యారమ్ బోర్డు దగ్గర మొదలుపెట్టవచ్చు. స్ట్రైకర్ కూడా పాకెట్‌లో పడ్డ ప్రతిసారీ అది ఏ గడిలోకి వెళ్తుందో మీ స్నేహితుడితో వాదించుకుని మరీ రాయండి.